మూరెడు బొంత

లలితకుమారి కుట్టుపనిలో పడటానికి పెద్ద కారణమేమీ లేదు. పొద్దు గడవక వెళ్లింది, అంతే.

భర్త సుధాకరరావు ఒక బ్యాంకు కంప్యూటర్లలో రెండువేల సంవత్సరం తెచ్చిపెట్టబోయే తప్పుల్ని ముందే సరిచేసే కాంట్రాక్టు మీద సింగపూర్ వచ్చాడు. వెంట వచ్చిన భార్యకు ఉద్యోగం చేసే వీలు లేని పాసు ఇచ్చారు. తణుకులో ఇంటర్ పిల్లలకు బోటనీ చెప్పిన మనిషి, టోవా పాయోలో అద్దె ఫ్లాట్ కిటికీ దగ్గర కూర్చుని, పై ఇంటివాళ్లు వెదురు గడకు ఆరేసిన బట్టల నుంచి కారే నీళ్లు చూస్తూ ఉండేది. ఒకరోజు కమ్యూనిటీ సెంటర్ నోటీసు బోర్డు మీద క్విల్టింగ్ క్లాసు అని కనిపిస్తే లోపలికి వెళ్లి చూసింది.

తీరా చూస్తే అది బొంత. గుడ్డముక్కలు కలిపి కుట్టి, అడుగున ఇంకో గుడ్డ వేసి, నడుమ పల్చటి దూది పొర పెట్టి, మూడింటినీ కలిపి కుట్టడం.

"మనూళ్లో ముసలమ్మలు పాతచీరలతో కుట్టేదే కదండీ. దీనికి ఫీజు కట్టాలంట," అని ఆ సాయంత్రం భర్తతో అంది.

"కట్టు. నీకు నలుగురూ పరిచయమవుతారు," అన్నాడు సుధాకరరావు.

క్లాసు చెప్పే మిసెస్ గో ప్రైమరీ స్కూల్లో పనిచేసి రిటైరయిన చైనీసావిడ. పొగడటం ఆమెకు అలవాటు లేదు. లలిత మొదటి ముక్క చేతిలోకి తీసుకుని, "దారం అంత లాగితే ఎలా లా. గుడ్డకి కూడా ఊపిరాడాలి," అంది, సింగపూర్ వాళ్ల అలవాటుగా మాట చివర "లా" తగిలించి. లలిత ఊడదీసి మళ్లీ కుట్టింది.

ఆమె పనితనం గొప్పదేమీ కాదు. మూలలు ఒకదానితో ఒకటి కలిసేవి కావు. రంగుల ఎంపిక కూడా మామూలే. కానీ చేయి ఆగేది కాదు. అరబ్ స్ట్రీట్ కొట్లలో మిగిలిపోయిన బాటిక్ ముక్కలు ఏరుకొచ్చేది. రైస్ కుక్కర్‌కు తొడుగు, ఫోన్ కింద పరిచే గుడ్డ, టెక్కా మార్కెట్‌కి పట్టుకెళ్లే కూరల సంచీ, దిండు గలీబులు. తెలిసిన ప్రతి ఇంటికీ మసిగుడ్డలు కుట్టి ఇచ్చింది. అదే బ్లాకులో ఉండే అరుణమ్మ, ఇక్కడే ముప్ఫై ఏళ్లుగా స్థిరపడిన పెద్దావిడ, తనకిచ్చిన జతను గోడకు మేకు కొట్టి తగిలించింది. "ఇంత బాగున్న గుడ్డతో వేడి గిన్నె ఎట్లా పట్టుకోను తల్లీ, పాపం కదా," అంది.

పెళ్లయిన ఎనిమిదో ఏట లలితకు కడుపు పండింది. క్లాసులో విన్న రోజునే మిసెస్ గో బాతుపిల్లల బొమ్మలున్న పసుపుపచ్చ గుడ్డ తెచ్చి చేతిలో పెట్టింది. ఆ రాత్రి తణుకు నుంచి అత్తగారు లీలావతి ఫోన్ చేసింది.

"నువ్వు ఊరుకోవు, నాకు తెలుసు. పుట్టకముందు బిడ్డకని సూది ముట్టుకోకు. మన ఇళ్లలో లేదు. పురుడయ్యాక మెత్తటి పాతచీరల్లో పడుకోబెడతాం, అప్పుడు కుట్టుకుందువుగాని."

"అలాగే అత్తయ్యా," అంది లలిత. బాతుపిల్లల గుడ్డను బీరువాలో పెట్టింది. ఆ నెలలన్నీ ఇంటికి కావలసినవే కుట్టింది. కర్టెన్లు మార్చింది. అరుణమ్మగారి మనవరాలి పెళ్లికని పెద్ద బొంత మొదలుపెట్టింది. బిడ్డకని ఒక్క కుట్టూ వేయలేదు.

తొమ్మిదో నెలలో ఒక పొద్దున బిడ్డ కదలడం లేదనిపించింది. చల్లటి నీళ్లు తాగి, ఎడమవైపు తిరిగి పడుకుని చూసింది. తర్వాత భర్తకు ఫోన్ చేసింది. ఆస్పత్రిలో ముందొక డాక్టరు చూశాడు, తర్వాత ఇంకొక ఆవిడ వచ్చి చూసింది. ఆవిడ స్టూలు దగ్గరకు లాక్కుని కూర్చున్నప్పుడే లలితకు తెలిసిపోయింది.

మర్నాడు నొప్పులు తెప్పించారు. ఆడపిల్ల. చూస్తారా అని నర్సు అడిగితే సుధాకరరావు గోడవైపు తిరిగాడు. లలిత చూస్తానంది. ఆకుపచ్చ ఆస్పత్రి తువ్వాలులో చుట్టి తెచ్చారు. బిడ్డకు అది మరీ పెద్దది. రెండు మూడు మడతలు వేసినా ఇంకా అంచు వేలాడుతోంది. ఆ అంచు కుట్టు ఒకచోట ఊడి దారం బయటికొచ్చింది. లలిత చూపు ఆ దారం మీదే ఆగిపోయింది. ముఖం కూడా చూసింది, ముక్కు సుధాకరరావుది. అయితే తర్వాతెప్పుడు కళ్లు మూసుకున్నా ముందు దారమే వచ్చేది. బిడ్డను తీసుకువెళుతుంటే, "ఆ అంచు కుట్టాలి," అంది నర్సుతో. నర్సుకు అర్థం కాలేదు.

సుధాకరరావూ అరుణమ్మ భర్తా కలిసి వెళ్లి చేయవలసినవి చేసి వచ్చారు. వారం తిరక్కుండానే ఆఫీసు పిలిచింది. డిసెంబరు దగ్గరపడుతోంది, ఎవరికీ సెలవుల్లేవు. అతను వెళ్లాడు. వెళ్లడమే అతనికి సులువని లలితకు తెలుసు.

ఆమెకు పాలు పడ్డాయి. పాతచీర చింపి గుండెలకు బిగించి కట్టుకుంది. తెలుగువాళ్లు ఒకరి తర్వాత ఒకరు క్యారేజీలతో వచ్చారు. పప్పు, చారు, వంకాయ కూర. ఎవరు ఏది పెట్టినా తిన్నది. ఏ రుచీ తెలియలేదు.

"ఏడువు తల్లీ. ఏడిస్తే బరువు దిగుద్ది," అంది అరుణమ్మ, వీపు నిమురుతూ.

"రావట్లేదండీ ఆంటీ," అంది లలిత. ఎవరో టైము అడిగితే చెప్పినట్టు చెప్పింది.

వాళ్లు వెళ్లాక మిషన్ ముందు కూర్చుంది. మసిగుడ్డ కుట్టింది. ఇంకొకటి కుట్టింది. చేతులు వాటంతటవే ముక్క తీసుకుని, మడిచి, సూది కిందికి తోసేవి. పెడలు మీద కాలు ఎవరిదో అన్నట్టుండేది. వేలికి సూది గుచ్చుకుంటే గుడ్డకు అంటిన మరక చూశాకే తెలిసింది. సాయంత్రం సుధాకరరావు వచ్చేసరికి సోఫా మీద మసిగుడ్డలు గుట్టగా ఉండేవి. అతను వాటిని పక్కకు జరిపి కూర్చుని టీవీ పెట్టేవాడు. ఏం వస్తోందో ఇద్దరూ చూసేవారు కాదు.

లలిత క్లాసుకు రాకపోయేసరికి ఒకరోజు మిసెస్ గో తనే ఇంటికొచ్చింది. చెప్పులు బయట విడిచి, కమలాపళ్ల సంచీ బల్ల మీద పెట్టి, మసిగుడ్డల గుట్ట చూసింది.

"ఇన్ని ఎవరికి?"

"ఎవరికీ కాదు."

ఆవిడ ఒకటి తీసి అంచులు పరీక్షించింది. "కుట్టు బాగా కుదిరింది," అంది. ఆవిడ నోట ఆ మాట రావడం అదే మొదలు. అప్పుడు లలిత, ఎవరూ అడక్కుండానే, ఆకుపచ్చ తువ్వాలు గురించి చెప్పింది. అది ఎంత పెద్దదో, అంచు ఎక్కడ ఊడిందో, దారం ఎలా వేలాడిందో. బిడ్డ గురించి ఏమీ చెప్పలేదు.

మిసెస్ గో అంతా విన్నది. ఓదార్చలేదు. "అయితే ఎంత సైజు కావాలి?" అని అడిగింది.

లలిత తన మోచేతి నుంచి వేలికొసల దాకా చూపించింది. "మూరెడు. నాలుగు పక్కలా మూరెడుంటే చాలు."

"నెలలు నిండకముందే పోయిన పిల్లలకి?"

లలిత ఆలోచించి జానెడు చూపించింది. మిసెస్ గో తల ఊపి, కమలాపండు వొలిచి సగం ఆమె చేతిలో పెట్టింది.

మర్నాడు లలిత బీరువాలోంచి తన పాత నేతచీరలు తీసింది. ఉతికి ఉతికి మెత్తబడ్డవి. వాటిని కత్తిరించి ముక్కలు కలిపింది. బాతుపిల్లల గుడ్డను మాత్రం తాకలేదు. నడుమ దూది పొర పల్చగా పెట్టింది. పురిటి పిల్లకు బరువుండకూడదు. పొత్తిళ్లు ఎలా చుడతారో అలా చుట్టి చూసుకోవడానికి ఇంట్లో ఏమీ లేకపోతే, చిన్న దిండుకు చుట్టి చూసింది. వెంటనే దిండు తీసి పక్కన పెట్టేసింది.

కొన్ని తయారయ్యాక ఆస్పత్రికి తీసుకెళ్లింది. వార్డు చూసే సిస్టర్ రాజమ్మాళ్ తమిళావిడ. ముందు మొహమాటపడింది. "ఇక్కడ రూల్స్ ఉంటాయమ్మా. అడిగి చెప్పాలి," అంది. కొన్ని రోజుల తర్వాత ఫోన్ చేసి, వేడినీళ్లలో ఉతికి ఇమ్మంది, బొత్తాలు, పిన్నులు వద్దంది. అంతకుమించి ఎవరూ ఏమీ అడగలేదు. లలిత మామూలు పనులతో పాటు ఇవీ కుట్టసాగింది. సంచీ, దిండు గలీబు, ఒక మూరెడు బొంత. మళ్లీ సంచీ.

ఒక సాయంత్రం సుధాకరరావు భోజనానికి కూర్చోబోతూ బల్ల మీద మడిచిపెట్టిన బొంతలు చూశాడు.

"ఎవరికివి? ఇంత చిన్నవి?"

లలిత చెప్పింది. అతను కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. చేయి కడుక్కునే వంక పెట్టుకుని సింకు దగ్గర చాలాసేపు నిలబడ్డాడు.

"అన్నం తినే బల్ల మీద పెట్టకు లలితా," అన్నాడు చివరికి.

"పెట్టను."

ఆ ఆదివారం ఆమె ఆస్పత్రికి బయలుదేరుతుంటే సంచీ అతను అందుకున్నాడు. ట్రైన్లో ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆస్పత్రిలో లిఫ్టు దాకా వచ్చి సంచీ ఆమె చేతికిచ్చి, "నేనిక్కడ ఉంటాను," అన్నాడు. ఆమె తిరిగి వచ్చేసరికి అక్కడే, అదే బెంచీ మీద, ఆరిపోయిన సెల్‌ఫోన్ పట్టుకుని ఉన్నాడు. ఆ తర్వాత వీలైన ఆదివారమల్లా వచ్చాడు. పైకి ఎప్పుడూ రాలేదు.

రెండువేల సంవత్సరం వచ్చింది. కంప్యూటర్లు ఏమీ పాడవలేదు. ఆ ఏడాది మధ్యలో సిస్టర్ రాజమ్మాళ్ పట్టపగలు ఫోన్ చేసింది.

"మీ భాషవాళ్లమ్మా. ఆ అమ్మాయి ఎవరితోనూ మాట్లాడటం లేదు. భర్త జురాంగ్ ఈస్ట్‌లో ఏదో కంపెనీ ఇంజనీరట, వచ్చి మూడు నెలలే. కొంచెం వస్తారా?"

లలిత వెళ్లింది. మంచం మీద ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ల పిల్ల. పేరు సుచిత్ర, కరీంనగర్ వైపు. పక్కన భర్త తిరుమల నిలబడి ఉన్నాడు. లలిత రాగానే కుర్చీ ఆమెకు జరిపి బయటికి వెళ్లిపోయాడు.

మంచం మీద లలిత కుట్టిన బొంతలు మూడు పరిచి ఉన్నాయి. ఎంచుకోమని సిస్టర్ పెట్టినట్టుంది.

"ఇవి మీరు కుట్టిన్రా అక్కా?" అంది సుచిత్ర, వాటివైపు చూడకుండా.

"నేనే."

"మా అత్తమ్మ ఫోన్ల చెప్పింది, చూడొద్దని. చూస్తే మనసుల ఉండిపోతడట. మీరు చూసిన్రా?"

"చూశాను."

"ఎట్లుండె?"

లలిత అబద్ధం చెప్పాలనుకోలేదు. "ముక్కు వాళ్ల నాన్నది. ఇంకేమీ సరిగా గుర్తులేదు. చుట్టిన తువ్వాలు గుర్తుంది."

"నాకు ఏడుపొస్తలేదక్కా. ఈయన ఏడుస్తున్నడు, మా అమ్మ ఫోన్ల ఏడుస్తున్నది. నాకే వస్తలేదు. నాకేమన్న అయిందా?"

"నాకూ రాలేదు."

"మరి ఎప్పుడొచ్చింది?"

"ఇంకా రాలేదు," అంది లలిత.

సుచిత్ర అప్పుడు మొదటిసారి తల తిప్పి ఆమె ముఖంలోకి చూసింది. అందులో ఏం కనిపించిందో గాని, చేయి చాపి నీలంగళ్ల బొంత తీసుకుంది. "ఇది పెద్దగైతదా?"

"సరిగ్గా సరిపోతుంది."

నర్సు బిడ్డను తెచ్చింది. మగపిల్లాడు. సుచిత్ర చేతులు లేవకపోతే, లలితే అందుకుంది. బొంతను మూలమీదుగా పరిచి, తల దగ్గర ఒక మడత వేసి, కాళ్లమీదికి కింది కొస తెచ్చి, అటూ ఇటూ చుట్టింది. అంచు ఎక్కడా వేలాడలేదు. ఆ బరువు ఆమె చేతులకు తెలిసింది. బరువు తప్ప ఇంకేమీ తెలియలేదు. తల్లి ఒడిలో పెట్టి, గుమ్మం దగ్గరకు వెళ్లి తిరుమలను లోపలికి పంపింది. తను వరండాలో కూర్చుంది, వాళ్లు పిలిచేదాకా.

నెల తర్వాత సుచిత్ర క్విల్టింగ్ క్లాసుకు వచ్చింది. కుట్టు ఏమాత్రం అబ్బలేదు. గీత మీద కుట్టు పడేది కాదు. కత్తిరిస్తే ఒక పక్క పొడుగు, ఒక పక్క పొట్టి. మిసెస్ గో ఆమె గలీబు చూసి, "ఇది దిండుకా, ఏనుగుకా?" అని అడిగింది. సుచిత్ర నొచ్చుకోలేదు. కుట్టుకోవడానికి ఆమె రాలేదని ముగ్గురికీ తెలుసు.

క్లాసులో మిగతా ఆడవాళ్లకు మిసెస్ గో ఒకరోజు మూరెడు కొలత చూపించింది. అది ఎందుకన్నది ఒక్క ముక్కలో చెప్పింది. ఇద్దరు ముగ్గురు తల దించుకున్నారు. ఆ తర్వాత లలిత ఒక్కతే కుట్టవలసిన అవసరం లేకపోయింది. రెండువేల ఒకటిలో కంపెనీలు మనుషుల్ని తీసేయడం మొదలుపెట్టినప్పుడు సుధాకరరావు కాంట్రాక్టు కూడా పోయింది. రెండు నెలలు తిరిగి, పాయా లెబార్‌లో తక్కువ జీతానికి ఇంకో పని చూసుకున్నాడు. వాళ్లు టోవా పాయోలోనే, ఒక చిన్న ఫ్లాట్‌కి మారారు. మిషన్ వంటింటి గుమ్మం పక్కకు వచ్చింది.

ఇల్లు మారిన వారం క్లాసయ్యాక సుచిత్ర, "ఇంటికి పోయి ఏం వండుతవక్కా, ఇక్కడనే తిందాం," అని తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్‌కి లాక్కెళ్లింది. జనం కిక్కిరిసి ఉన్నారు. సుచిత్ర టిష్యూ పొట్లం బల్ల మీద పడేసి, "చోప్ చేసిన, ఈ బల్ల ఇగ మనదే. నువ్వు కూసో," అని వెళ్లి రెండు ప్లేట్ల చేపల పులుసన్నం తెచ్చింది. లలిత కలుపుకుని నోట్లో పెట్టుకుంది.

"ఎట్లుంది?" అంది సుచిత్ర.

లలిత నమిలి మింగింది. నాలుకకు ఏదో తగిలినట్టయి ఇంకో ముద్ద తిని చూసుకుంది.

"ఉప్పెక్కువైంది," అంది.

"అవును, ఎక్కువనే ఉంది," అని సుచిత్ర మజ్జిగ కోసం కొట్లవైపు చూసి, లేదని తేల్చుకుని, రెండు గ్లాసుల చెరుకురసం తేవడానికి లేచింది.