నలభై మూడో నంబరు నేరేడు

మా మామ్మ జోగమ్మ చెప్పే కథలో ఎండుకొమ్మ ఏటేటా లావెక్కుతుంది. నా చిన్నప్పుడు అది మనిషి తొడంత ఉండేది. నేను బడి మానేసేనాటికి తెరచాప కొయ్యంత అయింది. ఇప్పుడు ఏనుగు నడుమంత. అందుకని కొమ్మ సంగతి నేను కొంచెం తగ్గించి చెబుతాను. మిగిలినదంతా నిజమేనని మామ్మ స్నేహితురాలు కన్నమ్మ కూడా ఒట్టేసింది. ఆ ఇద్దరూ ఒక మాట మీద నిలబడడం నేను చూసింది ఆ ఒక్కసారే.

అవి తెల్లదొరల రోజులు. మామ్మకి పాతికేళ్ళు. భావనపాడు ఒడ్డుకు పడవలు రాగానే చేపల గంప నెత్తినెత్తుకుని టెక్కలి నడిచేది. దారి మధ్యలో ఒక నేరేడు చెట్టు, దాని కింద ఛాతీ ఎత్తు రాయి ఉండేవి. ఎవరి సాయమూ లేకుండా గంపను ఆ రాయి మీదకు జార్చి, మెడ సర్దుకుని మళ్ళీ ఎత్తుకోవచ్చు. అంత దారిలోనూ అలాంటి రాయి అదొక్కటే. రోడ్డూ, రోడ్డు పక్క చెట్లూ జిల్లా బోర్డువి. మానుకు సున్నంతో 43 అని నంబరు వేసి, ఏటా పళ్ళు వేలం వేసేవారు.

సరిగ్గా ఆ రాయి మీదకు వాలిన పెద్ద కొమ్మ ఎండిపోయింది. ఒక మధ్యాహ్నం దాని పిల్లకొమ్మ ఒకటి విరిగిపడి కన్నమ్మ గంపను నుజ్జు చేసింది. ముక్కు చీదుకోవడానికి అప్పుడే పక్కకు వెళ్ళింది కాబట్టి కన్నమ్మ బతికింది. ఆడవాళ్ళంతా బోర్డు ఓవర్సీరు కామేశ్వరరావు దగ్గరకు వెళ్ళారు.

“చెట్టు బాగుందని తనిఖీ పుస్తకంలో రాసేశాను. బోర్డు చెట్టు మీద మీరు కత్తి వేశారంటే కేసు పెడతాను” అన్నాడాయన.

“పళ్ళు ఏలం ఏసినప్పుడు మీ సెట్టు. కొమ్మ మా నెత్తి మీద పడినప్పుడు ఎవల సెట్టు బాబూ?” అంది మామ్మ.

“నీకు నోరెక్కువ.”

“నెత్తి మీద బరువెక్కువైతే నోరూ ఎక్కువవుద్ది బాబూ.”

ఆ రోజు నుంచి కొందరు రాయి దగ్గర ఆగడం మానేశారు. వాళ్ళ మెడలు పట్టేసి టెక్కలి చేరేసరికి తల తిప్పలేకపోయేవారు. మామ్మ మాత్రం ఊపిరి బిగబట్టి గంప దించేది. అలా దించుకుంటూ ఒక సంగతి కనిపెట్టింది. ఓవర్సీరు సైకిలు ఆ చెట్టు దగ్గరకు రాగానే రోడ్డు దిగి, పొలం గట్టు మీదుగా చుట్టూ తిరిగి పోతోంది!

“ఒలే కన్నీ, ఆ బాబు పుస్తకం ఒకటి సెప్తాది, సైకిలు ఇంకోటి సెప్తాది” అని పడీపడీ నవ్వింది.

నెలరోజులకు బోర్డు ప్రెసిడెంటు మల్లేశ్వరరావు గారు రోడ్డు చూడడానికి జట్కాలో వచ్చారు. వెనకాలే ఓవర్సీరు. ఆడవాళ్ళు రోడ్డుకు అడ్డంగా గంపలు దించేశారు. ప్రెసిడెంటు గారు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని దిగి, గొడవేమిటని అడిగారు.

“ఏమీ లేదండీ, చెట్టు భేషుగ్గా ఉంది” అన్నాడు ఓవర్సీరు.

మామ్మ అంతకంటే వినయంగా, “అవునేటి బాబూ! ఎండలో నిలబడిపోనారు, ఇలగొచ్చి నీడలో కూకోండి” అని రాయి పక్కన తాటాకు చాప పరిచింది.

ప్రెసిడెంటు గారు చాప మీదకు అడుగు వేయబోయారు. ఓవర్సీరు ఒక్క గెంతు గెంతి ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

“అక్కడొద్దండీ!”

“ఎందుకు వద్దు?”

ఓవర్సీరు కళ్ళు పైకొమ్మ మీదకు పోయాయి.

“సెప్పండి బాబూ, మాకు సెప్పిన మాటే సెప్పండి” అంది మామ్మ.

ప్రెసిడెంటు గారు తలెత్తి కొమ్మను చూశారు, తల దించి ఓవర్సీరును చూశారు. “పొద్దుగుంకేలోపు తీయించు” అన్నారు.

“ఇప్పటికిప్పుడు మనుషులు దొరకరండీ. తర్వాత చెట్టు మొత్తం కొట్టేయిద్దామండీ, ఒక్కసారే పీడ పోతుంది.”

మామ్మ వెళ్ళి మానుకు వీపు ఆనించి నిలబడింది. “కాలికి ముల్లు గుచ్చుకుంటే కాలు నరుక్కుంతారేటి? మనుసుల్ని నాను అట్టుకొస్తాను.”

మా తాత అప్పలస్వామి పెద్దవల లాగే జట్టుతో, ఆ వల తాళ్ళతో వచ్చాడు. చెట్టెక్కి కొమ్మకు రెండు తాళ్ళు బిగించి, మొదలు దగ్గర సగం కోశాడు. సముద్రంలోంచి వల లాగినట్టే రెండు వరసలుగా నిలబడి, పదం పాడుతూ లాగారు. కొమ్మ ఫెళ్ళున విరిగి ఖాళీ పొలంలో పడింది. రాయికి గీత కూడా పడలేదు. కన్నమ్మ ఈల వేసింది.

పోతూ పోతూ ప్రెసిడెంటు గారు ఇంకో ఉత్తర్వు ఇచ్చారు. ఇక మీదట ఏటా వానలకు ముందు ఓవర్సీరు ప్రతి చెట్టు కిందా కాసేపు కూర్చుని, ఆ తర్వాతే పుస్తకంలో రాయాలి. ఆ ఏడు మొదలు బోర్డు రోడ్డు మీద ఒక్క ఎండుకొమ్మా మిగల్లేదు. చెట్టు కింద మఠం వేసుకుని పైకి చూస్తున్న ఓవర్సీరు కనిపిస్తే మామ్మ గంప దించి మరీ పలకరించేది: “నీడ సల్లగుందా బాబూ?”

మొన్న నేను ఆ నేరేడెక్కి కొమ్మ తీసిన చోటు కొలిచాను. మచ్చ జానెడే ఉంది. ఇంటికొచ్చి ఆ మాట చెప్పాను.

“ఏడిసావులే గుంటడా” అంది మామ్మ, పళ్ళు లేని నోటితో నవ్వుతూ. “సెట్టు బతికినాది కదా. బతికినదాని గాయం పూడుకోదేటి?”