కాగులో అమ్మవారు

కిష్టవ్వకు భయమంటే ఏమిటో తెలియదని వాడకట్టంతా అనేది. ఒట్టి మాట. లెవీ ధాన్యం వసూలుకు సర్కారు అధికారి గిర్దావరు ఇల్లిల్లూ సోదా చేస్తున్నాడని విన్న పొద్దున ఆమెకు కాళ్లూ చేతులూ ఆడలేదు. అవి యుద్ధం రోజులు. సర్కారు వాటా కళ్లంలోనే కొలిచి ఇచ్చేసింది. ఇంట్లో మిగిలింది ఒక పెద్ద మట్టి కాగు నిండా విత్తనపు జొన్నలు. అవీ పోతే ఆ ఏడు చేను బీడే. మొగుడు పోయాక ఆమెకు దిక్కల్లా ఆ చేనే.

ఒంటి గది ఇంట్లో అంత కాగును దాచే జాగా ఏది? ఆలోచించి ఆలోచించి, పెరట్లో వేపమండలు విరిచి గుమ్మానికి కట్టింది. అవి చూస్తే ఆ ఇంట్లో ఎవరికో అమ్మవారు పోసిందని అర్థం. ఇక గిర్దావరు కాదు, వాడి తాత కూడా గడప తొక్కడు. తన తెలివికి తానే మురిసిపోయి, మేక పక్కన కూర్చుని వక్క నమిలింది.

అయితే వేపమండలు గిర్దావరు ఒక్కడికే కనబడతాయా? ముందుగా మంత్రసాని కొమురవ్వ ఉరుకులు పరుగుల మీద వచ్చింది. పురుడైన ఇంటికీ వేపమండలే కడతారు మరి. తనను పిలవకుండా పురుడు పోసిందెవరని ఆమె కోపం. ఆ ఇంట్లో అరవై దాటిన కిష్టవ్వా, మేకా తప్ప మూడో ప్రాణి లేదు. కొమురవ్వ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, మేకేనా అని అడిగింది.

కిష్టవ్వ నవ్వు ఆపుకునేలోపే పక్కింటి దుర్గవ్వ పెరుగన్నంతో దిగింది. వెనకాల వాడకట్టు ఆడవాళ్లందరూ. అమ్మవారు ఎవరికి పోసింది, పడుకున్న మనిషి ఏడి అని ఒకటే ఆరా. కిష్టవ్వ దిక్కు తోచక చూస్తే ఎదురుగా కాగే కనబడింది.

"మనిషి మీదికి రాలే దుర్గవ్వా. అమ్మ సీదా కాగులకే వచ్చింది," అంది.

ఆ అబద్ధానికి పసిపిల్లలు కూడా నవ్వాలి. దుర్గవ్వకు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి. చూస్తుండగానే కాగు ఒళ్లంతా పసుపు, కుంకుమ బొట్లు, మెడకు వేపమండలు, మూత మీద దీపం. కొమురవ్వకు పూనకం కూడా వచ్చింది. మేక పెరుగన్నం తినేసి హాయిగా నెమరేసుకుంది.

సరిగ్గా అప్పుడే గిర్దావరు వచ్చాడు. ఇంత జనాన్ని చూసి అనుమానమొచ్చి, వేపమండలను లెక్కచేయకుండా లోపలికి తొంగి చూశాడు. కాగులో ఏముందని అడిగాడు.

"మూత ముట్టకుండ్రి సారూ," అని దుర్గవ్వ అడ్డం నిలబడింది. "లోపట అమ్మ కూసున్నది."

ఆయన చెప్పులు విడిచాడు. కిందటేడు తన బిడ్డ అమ్మవారు పోసి చావు తప్పించుకుందట. కాగు ముందు సాగిలపడి మొక్కాడు. లేచి దోసిలి పట్టి, ప్రసాదం పెట్టమన్నాడు. కిష్టవ్వ దీపం పక్కన పెట్టి మూత తీసి, గుప్పెడు జొన్నలు పోసింది. ఆయన కళ్లకద్దుకుని, రుమాలులో మూటగట్టుకుని వెళ్లిపోయాడు. ఆ ఇంటి నుంచి ఆయన పట్టుకుపోయిన లెవీ అంతే.

కిష్టవ్వ ఎగిరి గంతేసేదే. కానీ వెనక్కి తిరిగేసరికి వాడకట్టు కొంగులన్నీ చాచి ఉన్నాయి. ప్రసాదం లేదనగలదా? నవ్వుతూ పోసింది, ఏడుపు మింగుతూ పోసింది. చివరికి చెయ్యి కాగు అడుగుకు తగిలింది. సర్కారు తినలేకపోయిన చేను భక్తి తినేసిందని రోజుల తరబడి కుమిలిపోయింది.

తొలకరి పడ్డ పొద్దున దుర్గవ్వ వచ్చింది, కొంగులో మూటతో. వెనకాల వాడకట్టు అంతా.

"అమ్మ గింజలు నోట్లెట్ల పెట్టుకుంటమక్కా? నీ చేన్ల పడితేనే మాకు సల్లగుంటది," అంది.

నిజం చెప్పేయాలని కిష్టవ్వ నోరు తెరిచింది. కానీ చేతులు కాగు మూత తీశాయి. ఒక్కొక్క మూటా విప్పి కాగులో పోసుకుంది. ఆ ఏడు మొదలు, బతికినన్నాళ్లూ, విత్తనాలు నింపిన ప్రతిసారీ ఆ కాగుకు ఆమే పసుపు రాసి బొట్టు పెట్టేది, తలుపు దగ్గరగా వేసుకుని, ఎవరూ చూడకుండా.