వాల్టర్ గారి ఫ్రిజ్‌లో ఆవకాయ

2023 జనవరి. మిషిగన్‌లోని నోవైలో మంచు మోకాళ్ళ దాకా పేరుకున్న రోజులు. నేను హోమ్ హెల్త్ నర్సుని. ఆస్పత్రి నుంచి ఇంటికి పంపేసిన రోగుల దగ్గరికి వెళ్ళి బీపీ చూడడం, మందులు సరిచూడడం, ఏం తినాలో ఏం తినకూడదో నచ్చజెప్పడం నా పని. అన్నిటికంటే ఆ చివరిదే కష్టం. గుంటూరు మనిషివి, నువ్వు ఊరందరికీ ఉప్పూకారం తగ్గించమని చెప్పడమేమిటే అని మావారు ఇప్పటికీ నవ్వుతారు.

ఆ నెలలో నాకు అప్పగించిన పేషెంట్ వాల్టర్ గారు. డెబ్భై దాటాయి. కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో పనిచేసి, అది మూతపడ్డాక చిన్నాచితకా పనులతో నెట్టుకొచ్చి, భార్య పోయాక ఒంటరిగా ఒక మొబైల్ హోమ్‌లో ఉంటున్నారు. రైలు పెట్టెలా పొడుగ్గా, ఇరుగ్గా ఉండే ఇల్లది. చలికాలం హీటర్ పెద్దగా వేసుకోవడానికి కూడా ఆలోచించే బతుకు. ఆ ఇళ్ళున్న పార్కుకి రోడ్డవతలే మనవాళ్ళు కొనుక్కున్న కొత్త ఇళ్ళు.

ఆయనది హార్ట్ ఫెయిల్యూర్. ఆ పేరు వినగానే గుండె ఆగిపోయిందనుకుంటారు చాలామంది. అలా కాదు. గుండె బలం తగ్గి రక్తాన్ని సరిగ్గా పంపు చేయలేకపోతే ఒంట్లో నీరు నిలిచిపోతుంది. ముందు కాళ్ళు వాస్తాయి, తర్వాత ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. ఉప్పు ఆ నీటిని పట్టి ఉంచుతుంది. అందుకే రోజూ పొద్దున్నే బరువు చూసుకోమంటాం. ఒక్కసారిగా పెరిగిందంటే అది కండ కాదు, నీరు.

వాల్టర్ గారు చెప్పినవన్నీ బుద్ధిగా విన్నారు. డబ్బాల్లో వచ్చే సూపులు మానేశారు, చిప్స్ మానేశారు. అయినా సోమవారం వెళ్ళేసరికి కాళ్ళు వాచిపోయి ఉండేవి. వేలితో నొక్కితే నొక్కిన చోట గుంట పడి అలాగే ఉండిపోయేది. దాన్ని మేము పిట్టింగ్ ఎడీమా అంటాం. డాక్టరుకి ఫోన్ చేస్తే ఒంట్లో నీరు తీసే మాత్ర పెంచేవారు. వారం మధ్యకి తగ్గేది. మళ్ళీ సోమవారం అదే తంతు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"శని, ఆదివారాలు ఏం తింటున్నారు?" అని అడిగాను.

"మామూలే," అని కిటికీ వైపు చూశారు.

అడిగి ఫ్రిజ్ తెరిచాను. ఇంకా ఏ డబ్బా మూతా తీయలేదు, వాసన తెలిసిపోయింది. ఆవకాయ! పక్కన పులిహోర, సాంబారు, గోంగూర పచ్చడి. ఎక్కడి వాల్టర్ గారు, ఎక్కడి గోంగూర! ఒక్క క్షణం నోట్లో నీళ్ళూరాయి. మరుక్షణం వాటిలోని ఉప్పు గుర్తొచ్చింది.

ఆయన దొరికిపోయిన పిల్లాడిలా నవ్వారు. "రోడ్డవతలి కుటుంబం. ప్రతి శనివారం వస్తారు. నేను తింటుంటే వాళ్ళమ్మాయి రెప్పవేయకుండా చూస్తుంది. బాగుందంటే చాలు, గంతులేస్తుంది. వాళ్ళమ్మ గరిట ఎత్తినప్పుడల్లా 'ఇంకొంచెం' అంటుంది. నాకొచ్చిన మీ భాష అదొక్కటే."

"ఈ ఉప్పు మీకు విషం. వాళ్ళకి నేను చెప్తాను."

"చెప్పడానికి వీల్లేదు," అన్నారు. నవ్వు పోయింది. "ఏమీ తినలేనివాడి దగ్గరికి అన్నం పట్టుకుని ఎవరొస్తారు? ఈ గుమ్మం తొక్కేది వాళ్ళొక్కళ్ళే."

"నేను రావట్లేదా?"

"మీకు జీతమిస్తారు."

చురుక్కుమంది. నిజమే మరి. ఇక్కడ హిపా అని ఒక చట్టముంది. రోగి ఒప్పుకోకుండా ఆయన జబ్బు గురించి బయటివాళ్ళకి చెప్పకూడదు. ఆయన వద్దన్నాక నా నోటికి తాళమే.

ఆ వారమే ఒక స్నేహితురాలి కొడుకు పుట్టినరోజు. అక్కడ మాధవి నా పక్కన ప్లేటు పట్టుకుని కూర్చుంది. తెలిసిన అమ్మాయే, తనూ వాళ్ళాయన శ్రీకాంత్ ఇద్దరూ ఇంజనీర్లు.

"అక్కా, మేం ఫ్యామిలీ అంతా వాలంటీర్ చేస్తున్నాం, తెలుసా? ప్రతి సాటర్డే వండుకుని ఎదురు పార్కులో పంచుతాం. మా అన్వికి కూడా మంచి అలవాటవుతుందని. అక్కడొక తాతగారున్నారు, ఆవకాయ ఎంత ఇష్టంగా తింటారో! పాపం, వెళ్ళినప్పుడల్లా కాఫీ తాగమంటారు."

"తాగారా మరి?"

"అబ్బే, ఆయనకే గడవడం కష్టం. ఇవ్వడానికి వెళ్ళి వాళ్ళది తాగుతామా?"

ఆ తాతగారు వాల్టర్ గారేనని అర్థమైంది. ఊరికే అన్నట్టుగా, "పెద్దవాళ్ళుంటారు కదా, ఉప్పు తగ్గించి వండకూడదూ?" అన్నాను.

"అదేంటక్కా! లేనివాళ్ళు కదాని చప్పిడికూడు పెడతామా? మనం తినేదే పెట్టాలి. మా ఇంట్లో అదే రూలు."

ఎంత మంచి రూలు! ఇంకొకరి విషయంలో అయితే దండం పెట్టేదాన్ని. ఇంటికొచ్చి దిండులో మొహం పెట్టుకుని కాసేపు ఏడ్చాను.

ఫిబ్రవరిలో ఒక సోమవారం వెళ్ళేసరికి వాల్టర్ గారు కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నారు. పడుకుంటే ఊపిరాడట్లేదట. రెండు మాటలకోసారి ఆగుతున్నారు, పెదవులు నీలంగా ఉన్నాయి. అంబులెన్స్ వచ్చేదాకా ఆయన చెయ్యి వదల్లేదు నేను. ఆస్పత్రిలో ఉంచి నీరంతా తీసి పంపించారు. ఈసారి డాక్టర్ మాట ఖరాఖండిగా ఉంది. మళ్ళీ ఇలా జరిగితే ఒంటరిగా ఉండడం కుదరదు, నర్సింగ్ హోమ్‌లో చేరాల్సిందే. ఇంటికొచ్చాక నేనా మాట ఎత్తితే ఆయన గోడ మీది భార్య ఫోటో వైపు చూశారు.

"ఊరగాయ కోసం ఇల్లు పోగొట్టుకుంటారా?" అని కేకలేశాను.

"ఊరగాయ కోసం కాదని మీకు తెలుసు," అన్నారు మెల్లగా. ఆ తర్వాత, "నేనే చెప్తాను. శనివారం మీరుంటారా?" అని అడిగారు.

ఉన్నాను. శ్రీకాంత్, అన్వి వెంట రాగా మాధవి స్టీలు క్యారియర్‌తో లోపలికొచ్చి నన్ను చూసి, "అక్కా! మీరేంటి ఇక్కడ?" అంది. నా మెడలో స్టెతస్కోపు చూశాక ఇంకేమీ అడగలేదు. వాల్టర్ గారు దాచకుండా అంతా చెప్పారు. తప్పు తనదేనని, తినలేనని చెప్పడానికి భయపడ్డానని అన్నారు.

పదకొండేళ్ళ అన్వి తల్లి కోటు పట్టుకుంది. "అమ్మా, మనమే తాతని సిక్ చేశామా?"

మాధవి కళ్ళనిండా నీళ్ళతో నా వైపు తిరిగింది. "బర్త్‌డేలో పక్కనే కూర్చున్నారు కదక్కా. ఒక్క మాట చెప్పకూడదా?"

"చెప్పకూడదమ్మా," అన్నాను. క్యారియర్ తీసుకుని ముగ్గురూ వెళ్ళిపోయారు. కారు వెళ్ళిన చప్పుడు వినపడేదాకా ఆగి, "ఇక రారు," అన్నారు వాల్టర్ గారు.

తర్వాతి వారం విజిట్ కూడా శనివారమే పెట్టుకున్నాను. ఆయన నున్నగా గడ్డం గీసుకుని, మంచి చొక్కా వేసుకుని కిటికీ దగ్గర కూర్చున్నారు. బరువు పెరగలేదు, కాళ్ళ వాపు తగ్గింది. శభాష్ అంటే వినిపించుకోలేదు. ఎప్పుడూ వాళ్ళొచ్చే వేళ దాటిపోయింది. నేను సంచి సర్దుకుంటుంటే తలుపు తట్టారు.

మాధవి చేతులు కోటు జేబుల్లో దాచుకుంది. "చాలాసేపటి నుంచి కార్లోనే కూర్చున్నాం అక్కా. ఖాళీ చేతులతో ఎలా రావాలో తెలియలేదు. ఉప్పు లేకుండా వండి చూశాను, నోట్లో పెట్టుకోలేకపోయాం. అది ఎలా తేను? అన్వే చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది."

ఆమె తెలుగులో అన్నది వాల్టర్ గారికి అర్థం కాలేదు. క్యారియర్ లేకపోవడం మాత్రం చూశారు. "మంచిది. ఇవాళ నా వంతు. కూర్చోండి," అన్నారు.

ఆయన ఓట్స్ ఉడికించారు. ఆపిల్ ముక్కలు, దాల్చినచెక్క పొడి, అంతే. కుర్చీలు సరిపోక శ్రీకాంత్ తిరగేసిన బక్కెట్ మీద కూర్చున్నాడు. అన్వి గిన్నె ఊడ్చేసింది. మాధవి అలవాటు కొద్దీ గిన్నె మీద చెయ్యి అడ్డం పెట్టి, "చాలండి, చాలు," అంది. ఆయన గరిట అలాగే పట్టుకుని నిలబడి, "ఇంకొంచెం," అన్నారు.

మాధవి చెయ్యి తీసింది. ఏడుస్తూనే తిన్నది.

వాల్టర్ గారు మరో చలికాలం ఆ ఇంట్లోనే గడిపి, ఆ ఇంట్లోనే పోయారు. అప్పటిదాకా శనివారాలు వాళ్ళు వస్తూనే ఉన్నారు, తింటూనే ఉన్నారు. ఎన్నో ఏళ్ళుగా ఈ పని చేస్తున్నాను. పెట్టేవాళ్ళకి పుణ్యం, తినేవాళ్ళకి కడుపు నిండుతుంది, అంతేగా అనుకునేదాన్ని. తినేవాళ్ళకి కూడా పెట్టాలని ఉంటుందని, ఇవ్వడానికి ఇంకేమీ లేక, పెట్టినదల్లా తినడమే తమ వంతనుకుని ప్రాణం మీదికి తెచ్చుకుంటారని ఆయన దగ్గరే తెలిసింది. ఇప్పుడు కొత్త పేషెంట్ని ఏం తింటున్నారని అడిగి ఊరుకోను. ఎవరు తెస్తారు, వాళ్ళకి మీరేం ఇస్తారు అని కూడా అడుగుతాను. ఆ చివరి ప్రశ్నకి చాలామంది తల దించుకుంటారు. అప్పుడు నేను కోటు విప్పి పక్కన పెట్టి, కాస్త కాఫీ ఇస్తారా అని అడుగుతాను.