పురుడయ్యేదాకా ఆగని క్లినిక్

ఎనభైల్లో అమెరికాలోని ఇర్వింగ్‌లో కారు నడపడం రాకపోతే పాలడబ్బా తెచ్చుకోవాలన్నా ఇంకొకరి దయ కావాలి. ఎకనామిక్స్‌లో ఎమ్మే చేసిన నేను రెండు పడగ్గదుల అపార్ట్‌మెంట్‌లో మా ఆయనతో, అత్తగారితో, మరిదితో, కడుపుతో ఉన్న తోటికోడలితో ఇరుక్కుని, కిటికీలోంచి హైవే చూస్తూ బతికాను. వాదించడానికి నాకు దొరికింది ఆ నలుగురే.

ఐదో ప్రాణి పిల్లి. పెరుగన్నం మెతుకుల కోసం మెట్లెక్కి వచ్చి, మాదైపోయింది. అపార్ట్‌మెంట్ మేనేజరమ్మ చూసింది. "పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి ఉంచుకోండి. లేకపోతే నెలాఖరుకి సిటీవాళ్ళని పిలిచి పట్టించేస్తా" అంది. పట్టుకుపోయిన పిల్లులని ఏంచేస్తారని అడిగాను. ఎవరూ పెంచుకోకపోతే మందిచ్చి చంపేస్తారంది.

మామూలు పశువుల డాక్టరు ఫీజు మాకు అందేది కాదు. నగరం డబ్బుతో నడిచే చవక క్లినిక్ ఒకటుంది. కౌన్సిల్ ఆ డబ్బు ఆపేసింది కాబట్టి అదీ ఆ నెల వరకే.

"కడుపుతో ఉన్న పిల్ల ఇంట్లో ఉండగా గుమ్మడికాయే కొట్టం. నోరులేని జీవాన్ని కోయిస్తావటమ్మా?" అన్నారు అత్తగారు.

"మన సర్కారు కుటుంబ నియంత్రణంటూ ఊరూరా ఎర్ర త్రికోణాలు గీసి మనుషులకే చేయించింది అత్తయ్యగారూ. పిల్లికొచ్చిందా దోషం?"

"నీ ఎమ్మే నీ దగ్గరే ఉంచుకో. పురుడయ్యేదాకా ఆగు."

"క్లినిక్ ఆగదు!"

మా ఆయన టీవీ సౌండు పెంచారు. మరిది, "నన్ను ఇరికించకు వదినా" అన్నాడు.

మర్నాడు అత్తగారు పూజలో కూర్చోగానే తోటికోడలు కారు తాళాలు ఊపింది. ఇక్కడే నర్సుగా చేస్తున్న పిల్ల. ఇంట్లో ఆడవాళ్ళలో డ్రైవింగ్ వచ్చింది తనకొక్కదానికే. "పదక్కా. నా కడుపు పేరు చెప్పి దాని ప్రాణం తీస్తారా?" అంది. పిల్లిని లాండ్రీ బుట్టలో పెట్టి, పైన ఇంకో బుట్ట బోర్లించి తీసుకెళ్ళాం.

క్లినిక్‌లో డాక్టరమ్మ పిల్లి పొట్ట తడిమి చూసింది. "ఇది ప్రెగ్నెంట్. ఆపరేషన్ చేస్తే లోపలి పిల్లలూ పోతాయి. ఓకేనా?"

"ఈనాక తీసుకొస్తాం."

"అప్పటికి మేముండం, మేడమ్."

వాదన అందుకున్నాను. రోడ్డు పక్క పూలమొక్కలకి ఉన్న డబ్బు దీనికి లేదా? మా ఆయన జీతంలో పన్ను కోసుకోవట్లేదా? ఈ పిల్లులన్నిటినీ రేపు పట్టి చంపించడం మాత్రం ఊరికే అవుతుందా?

"నాకెందుకు చెప్తారు? కౌన్సిల్‌కి చెప్పండి. నా ఉద్యోగమూ పోతోంది" అంది ఆవిడ.

నా మాటలకి ఎదుటి మనిషే లేకుండా పోయింది. తోటికోడలు పొట్ట మీద చెయ్యి వేసుకుని నిలబడింది. "చేయించెయ్యక్కా. నేను కార్‌లో కూర్చుంటా."

తను బయటికి వెళ్ళేదాకా ఆగి, "చేయండి" అన్నాను.

ఆపరేషన్ అయిందని తెలిసి మేనేజరమ్మ మళ్ళీ మా జోలికి రాలేదు. అత్తగారికి మాత్రం మేమిద్దరం ఆ సంగతి చెప్పలేదు. తోటికోడలికి బొద్దుగా ఆడపిల్ల పుట్టింది. చూడవచ్చిన ప్రతివాళ్ళకీ అత్తగారు ఒకటే చెప్పారు: "ఈ మహాతల్లి పిల్లిని కోయిస్తానంది. నేను సాగనిచ్చానా? అందుకే పిల్ల ఇంత చక్కగా పుట్టింది. ఆ మేనేజరమ్మ కూడా నోరు మూసుకుంది."

ఆపరేషన్ ఎప్పుడో అయిపోయిందన్న జవాబు నోటిదాకా వచ్చింది. తోటికోడలు పాపకి పాలిస్తూ తలెత్తి నావైపు చూసింది. క్లినిక్‌కి తాళం పడ్డాక మెట్ల కింద చేరిన కడుపుతో ఉన్న ఇంకో పిల్లి, పెరుగన్నం గిన్నె కోసం అరుస్తోంది. ఆ ఇంట్లో నేను తప్పకుండా గెలిచే వాదన ఆ జవాబొక్కటే. దాన్ని మింగి, అందరికీ కాఫీ కలపడానికి లేచాను.