ఆయుధ పూజ మరునాడు కాలిపోయిన మానిటర్

మొన్న తిరుపతిలో మా ఇంటికి వచ్చిన అల్లుడు, తన కంప్యూటర్ తెర సెకనుకు అరవై సార్లు బొమ్మ గీస్తుందనీ, దాన్ని డెబ్బై అయిదుకు తోస్తే ఆట ఇంకా నున్నగా సాగుతుందనీ చెబుతూ, కంపెనీ పెట్టిన హద్దు అలా దాటించడాన్ని ఓవర్‌క్లాకింగ్ అంటారని నాకు నేర్పబోయాడు. ఆ పేరు తెలియని రోజుల్లోనే నేను ఆ పని చేశాను. ఆట కోసం కాదు, పగ కోసం.

లావు గాజు మానిటర్ల ముందు పనిచేసిన నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ తెర సన్నగా వణుకుతూనే ఉండేది. పొద్దంతా దాని ముందు కూర్చుంటే సాయంత్రానికి కళ్ళలో కారం పడ్డట్టుండేది. బొమ్మ గీసే వేగం కాస్త పెంచితే వణుకు తగ్గేది, మరీ పెంచితే కొన్ని నాసిరకం మానిటర్లు తట్టుకోలేక కాలిపోయేవి. మా అక్క మొగుడు చిత్తూరులో పెళ్ళి కార్డులకూ కరపత్రాలకూ కంప్యూటర్‌లో అక్షరాలు కూర్చే డీటీపీ అంగడి పెట్టి, డిగ్రీ తప్పి ఊరికే తిరుగుతున్న నన్ను చేరదీసి, తిండి పెట్టి పనిలో కూర్చోబెట్టాడు. నాకు ఇచ్చినది ఎవరో వాడి పారేసిన పాత మానిటర్. కళ్ళు మండుతున్నాయని ఒక్కసారి చెప్పుకున్నాను. ప్రూఫు చూసుకోవడానికి వచ్చిన పెళ్ళివారి ముందరే బావ వాళ్ళవైపు తిరిగి, "కండ్లు మంటంటబ్బా మావోనికి. పరీచ్చలప్పుడు గూడా ఇదే సెప్పినాడు. తిండికాడ మాత్రం బాగానే కనపడతాయి" అన్నాడు. వాళ్ళంతా నవ్వారు. అందులో ఒక ముసలాయన, మా నాయనను ఎరిగినవాడు, అందరికంటే ఎక్కువ నవ్వాడు.

ఆ మాటను నేను చాలా కాలం మేపాను. అన్నం తింటూ మేపాను, అదీ ఆయన పెట్టిన అన్నమే. ఆయన పక్కన నడుస్తున్నా, ఆయన బండి తుడుస్తున్నా, ఈ మనిషికి ఏది పోతే ఏడుస్తాడా అని వెతికేవాడిని. చివరికి అది దానంతటదే దొరికింది. బావ ఒక కొత్త పెద్ద మానిటర్ కొని, వీధిలో పోయేవాళ్ళకు కనపడేట్టు తన బల్లమీద పెట్టుకుని, భుజంమీది తువ్వాలుతో రోజూ తుడుచుకునేవాడు, నన్ను దాని దగ్గరికి రానిచ్చేవాడు కాదు.

అక్క సంగతి ఇక్కడే చెప్పాలి. మధ్యాహ్నం బావ ఇంట్లో భోంచేసి కునుకు తీసేటప్పుడు ఆమె అంగడికి వచ్చి, నా పక్కన కూర్చుని తెలుగు టైపు నేర్చుకునేది. ఒత్తులకొక మీట, గుణింతాలకొక మీట, నాకే తిక్కగా ఉండేది. ఆమె చేయి మాత్రం మెంతికూర వలిచినంత తేలికగా తిరిగింది. పండగ పోయాక రోజూ అంగట్లో కూర్చోవచ్చని బావ ఒప్పుకుంటే, ఉద్యోగం వచ్చినంతగా మురిసిపోయి వీధంతా చెప్పుకుంది.

ఆయుధ పూజ ముందురోజు సాయంత్రం బావ పూలకూ గుమ్మడికాయకూ మార్కెట్టుకు పోయాడు. నేను ఆయన కుర్చీలో కూర్చుని, మానిటర్ మోయలేని వేగాలను కంప్యూటర్ దాచిపెట్టే చోట టిక్కు తీసేసి, అన్నిటికంటే పెద్ద అంకె ఎంచుకున్నాను. తెరమీది బొమ్మ ముడుచుకుని, లోపల దోమ పాడినట్టు సన్నటి మోత లేచింది. ఇలాగే ఉంచమంటావా అని కంప్యూటర్ అడిగింది. ఉంచమన్నాను. తర్వాత అన్నీ ఆపేశాను.

పూజనాడు యంత్రాలకు పని చెప్పరు కదా. అక్క వాటన్నిటికీ గంధం, కుంకుమ పెట్టి, నీళ్ళు చిలకరించిన చామంతి దండలు వేసింది. అన్నిటికంటే పెద్ద దండ కొత్త మానిటర్ నెత్తినే పడింది. విజయదశమి పొద్దున బావ మంచి ఘడియ చూసి మీట నొక్కాడు. మోత పెరిగింది, కాలిన వాసన వచ్చింది, బావ చేయి స్విచ్చి దగ్గరికి పోయేలోగా తెర నల్లబడింది. నేను గోడవైపు తిరిగి నవ్వు మింగుకున్నాను. అంత తియ్యటి నవ్వు మళ్ళీ నాకు రాలేదు.

రిపేరు చేసే మనిషి వచ్చి, మూత విప్పి చూసి, "నీళ్ళేమన్నా దిగినాయా సార్ లోపలికి?" అన్నాడు.

బావ అక్కవైపు తిరిగాడు. "నీళ్ళు కారే పూలు దాని నెత్తిన పెట్టమని ఎవురు సెప్పినారే నీకు? మొక్కి మొక్కి సంపితివి గదే."

ఒక్క మాట చెబితే సరిపోయేది. చెబితే నా గురించి బావ అన్నవన్నీ నిజమవుతాయని నోరు మూసుకున్నాను. అక్క అంగట్లో కూర్చునే మాట ఆ రోజుతో పోయింది. ఆ తర్వాత ఇంట్లో మిక్సీ ఆగినా, ఫ్యాను ఆగినా, నువ్వేమన్నా మొక్కినావా అని బావ అడిగేవాడు. తన చేయి మంచిది కాదని చివరికి ఆమే నమ్మింది. బావకు తగలాలని విసిరిన రాయి, ఆమె బతుకంతా ఆమె నెత్తిమీదే పడుతూ ఉంటే చూస్తూ తిరిగాను.

బావ చనిపోయిన మరుసటి ఏడు చిత్తూరు పోయి చెప్పేశాను. అక్క చేటలో కందిపప్పు ఏరుతోంది. చేయి ఆపింది గానీ ఏడవలేదు.

"ఆయప్ప పోయినాక సెప్తా ఉండావా? ఉండంగా సెప్పింటే నేనాయప్పను ఒక్క మాట అడిగిండేదాన్ని గదరా. నీ పగ నువ్వు తీర్సుకుంటివి. నా పగ యాడ తీర్సుకునేది, దండేసిన ఆ ఫోటో మీదనా?"

కాఫీ ఇచ్చి పంపింది. ఆ తర్వాత నాకు ఫోను చేయలేదు, నేను చేస్తే ఎత్తలేదు. అలా చేయడం ఆమె హక్కే.

ఆ అంగడి ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. పెళ్ళి పిలుపులు ఫోన్లలోనే వస్తున్నాయి, నోటితో చెబితే చాలు తెలుగు అక్షరాలు ఒత్తులతో సహా వాటంతటవే పడుతున్నాయి. మా అక్క వేళ్ళకు అంత చప్పున అబ్బిన ఆ విద్యతో ఇప్పుడు ఎవరికీ పనిలేదు. ఆమె దగ్గర నేను లాక్కున్నదాన్ని తిరిగి ఇద్దామన్నా, దానికి ఈ లోకంలో చోటే లేకుండా పోయింది.