నా దగ్గుకు చప్పట్లు

నేను చెబుతున్నాను, మనవరాలు టైపు చేస్తోంది. బడ్జ్ బడ్జ్ జూట్ మిల్లు దుమ్ముకు వచ్చిన నా దగ్గు సంగతి ఆసుపత్రి ఓపీలో అడిగితే, పెద్ద డాక్టర్లంతా సెమినార్‌కు వస్తారు, అక్కడికి వెళ్లమన్నారు. ఈరోజు వెళ్లాను. నన్ను వేదిక మీద కూర్చోబెట్టి, నా ఎక్స్‌రేను గోడంత చేసి చూపిస్తూ ప్రొఫెసర్ ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడాడు. మధ్యలో దగ్గమన్నాడు, దగ్గాను. అందరూ రాసుకున్నారు. చివర్లో చప్పట్లు కొట్టారు.

"ఇంతకీ నా రోగమేటి బాబూ? తగ్గుద్దా, తగ్గదా?"

"అది ఓపీలో అడగాలి మాషీమా. ఇక్కడ పాఠమే," అన్నాడు ప్రొఫెసర్, బెంగాలీలో నన్ను పిన్నీ అని పిలుస్తూ.

"ఓపీవోళ్లే నన్నిక్కడికి తోలీసినారు."

అతను టీ తాగడానికి వెళ్లిపోయాడు. నా రొమ్ములో ఏముందో ఆ హాలులో అందరికీ తెలుసు, నాకు తప్ప. చదువుకున్నవారు, మీరే చెప్పండి: రేపు నేను ఏ గుమ్మం ఎక్కాలి?