రిలీవరు రాకుండా లేవరాదు

లాల్‌సింగు పాల్వంచ కరెంటు కార్ఖానాలో బాయిలరు ఆపరేటరు. అక్కడ ఒక ధర్మసూత్రం ఉంది: తర్వాతి షిఫ్టువాడు వచ్చి, ఎదురుగా నిలబడి చార్జి తీసుకుంటే తప్ప కుర్చీలోంచి లేవకూడదు. ఆ వచ్చేవాణ్ణి రిలీవరు అంటారు. ఉద్యోగంలో చేరిన నాటినుంచి లాల్‌సింగు ఎందరికోసమో ఎదురుచూశాడు గానీ, ఆయన కోసం మరొకడు ఎదురుచూసిన పాపాన పోలేదు. చెప్పుకోవడానికి ఆయనకున్న బిరుదు అదొక్కటే.

ఈ ధర్మాన్ని ఆయన ఇంట్లోనూ అమలుపరిచాడు. ఒలింపిక్సు వచ్చిందంటే తండాలోని ఆ రెండు గదుల ఇంట్లో టీవీ ముందు ఎవరి చోటు వారిదే. మనవాళ్లు గోలు కొట్టినప్పుడు ఎక్కడ కూర్చున్నవాళ్లు ఆట ముగిసేదాకా అక్కడే. ప్రాణం మీదికొస్తే, ఇంకొకరిని ఆ చోట కూర్చోబెట్టి లేవవచ్చు. బావమరిది హాతీరాం ఒకసారి బీడీ కోసమని రిలీవరు లేకుండా లేచాడు. మనకు గోలు పడింది. ఆ కేసు ఇంకా నడుస్తూనే ఉంది.

హాకీలో కంచు పతకానికి స్పెయినుతో పోటీ పడిన రోజున లాల్‌సింగుది మధ్యాహ్నం షిఫ్టు. పొద్దుటి షిఫ్టు శ్రీనివాసును బతిమాలి సాయంత్రందాకా కూర్చోబెట్టాడు. శ్రీనివాసు ఒక్కటే షరతు పెట్టాడు: ఏడింటికి లేవాలి. కూతురిని కొత్తగూడెంలో రైలెక్కించి, తెల్లారి హైదరాబాదులో కౌన్సెలింగుకు తీసుకుపోవాలి. రైలు తప్పితే పిల్లకు సీటు తప్పినట్టే.

"ఏడంటే ఏడే తమ్మీ," అని లాల్‌సింగు మాటిచ్చాడు.

లెక్క సులువు. ఐదున్నరకు ఆట మొదలు. పావుగంటవి నాలుగు భాగాలు, అంటే గంట. ఆరున్నరకు క్రాస్‌రోడ్డు దగ్గర బస్సు. అయితే బాయిలరు నడుమ విరామం తీసుకోదు, హాకీ తీసుకుంటుంది. దెబ్బ తగిలితే గడియారం ఆపుతారు, అనుమానమొస్తే వీడియో చూస్తారు. ఎన్నో ఆటలు చూసినవాడే, కాని చూస్తున్నప్పుడు టైము చూసే అలవాటు ఆయనకు లేదు. ఆ రోజే చూశాడు. బస్సు వేళయింది, ఆటలో చివరి పావుగంట అప్పుడే మొదలైంది. రెండు–ఒకటి. మనమే ముందున్నాం.

"ఏంది బావా, మాటిమాటికి గోడ దిక్కు చూస్తవ్? ఆట టీవీల నడుస్తుంది," అన్నాడు హాతీరాం.

"బస్సొచ్చే టైమైంది."

"పోనియ్. ఆడ శ్రీను ఉన్నడు గద."

"గదే నా బాధ. ఉన్నడు. నేను పోయేదాంక లేవడు."

స్పెయినువాళ్లు మన గోలు మీదికి ఎగబడ్డారు. బంతి స్తంభాన్ని రాసుకుంటూ పోయింది. లాల్‌సింగు సగం లేచి, మళ్లీ కూలబడ్డాడు.

"లెవ్వకు!" హాతీరాం వేలు చూపాడు. "బీడీకి లేచినందుకే నన్ను ముప్పుతిప్పలు వెట్టినవ్. నీకో శాస్త్రం, నాకో శాస్త్రమా?"

లేస్తే దేశానికి ద్రోహం. లేవకపోతే శ్రీనివాసు బిడ్డకు ద్రోహం. దూరంగా మలుపు దగ్గర బస్సు హారను మోగింది.

లాల్‌సింగు భార్య రుక్మిణి వంటింట్లోంచి వచ్చి, పిండి చేతులు కొంగుకు తుడుచుకుంది. హాకీని ఆమె ఎన్నడూ కన్నెత్తి చూసింది లేదు.

"జరుగు. నేను కూసుంట."

"మనోళ్లెవరో ఎరుకేనా నీకు?"

"ఇందాకటి సంది నువ్వు ఎవల్ని తిడ్తున్నవో వాళ్లే."

లాల్‌సింగు నిటారుగా నిలబడి చార్జి అప్పజెప్పాడు. "రెండు–ఒకటి. మనమే ముందు. కుడి దిక్కు ప్రెషరెక్కువుంది. గోల్‌కీపరు కండిషను మంచిగుంది. కండ్లు తిప్పకు."

"తీసుకున్న," అంటూ రుక్మిణి కుర్చీలో కూర్చుంది. "ఉరుకు!"

కదిలిన బస్సును పట్టుకున్నాడు. కిన్నెరసాని అడవి దారిలో ఫోను పనిచేయదు. అద్దం మీద వాన, చేతిలో మూగ ఫోను. ఒక ఊరు దాటుతుంటే ఇళ్లలోంచి పెద్ద అరుపు వినిపించింది. సంతోషానికీ దుఃఖానికీ జనం మొదట ఒకే అరుపు అరుస్తారని ఆయనకు అప్పుడే తెలిసింది. పక్కనున్న ముసలాయనను అడుగుదామంటే ఆయన నిద్రలో ఉన్నాడు.

గేటు దగ్గర నిబంధన ప్రకారం ఫోను గార్డు రమణకిచ్చి లోపలికి పరుగెత్తాడు. శ్రీనివాసు సంచీ భుజాన వేసుకుని, కుర్చీ అంచున కూర్చుని ఉన్నాడు. గడియారం ఏడు చూపిస్తోంది.

"గెల్చినమా అన్నా?"

"నేను లేసేటప్పటికి రెండు–ఒకటి."

"అయ్యో, సాంతం చూడలే? ఇంకో పది నిమిషాలు ఆగెటోన్ని గద."

"ఒలింపిక్సు నాలుగేండ్లకు మళ్లొస్తది. నీ బిడ్డ కౌన్సెలింగొస్తదా? ప్రెషరు ఎట్లుంది, చెప్పు."

చార్జి అప్పగించి శ్రీనివాసు పరుగు తీశాడు. లాల్‌సింగు మీటర్ల ముందు కూర్చున్నాడు. కాసేపటికి ఇంటర్‌కమ్ మోగింది. రమణ.

"అన్నా, నీ ఫోను ఆగకుండ మోగుతుంది. వదినె. ఎత్తాల్నా?"

చావు కబురైతే తప్ప డ్యూటీలో ఫోను చెయ్యని మనిషి ఆమె.

"ఎత్తు."

అవతల రమణ ఫోనెత్తిన చప్పుడు వినిపించింది.

"ఏడుస్తుందన్నా."

"ఎందుకు?"

"గెల్చినరంట. లాస్ట్‌ల స్పెయినోళ్లు మీదవడ్డరంట, మన గోల్‌కీపర్ ఆపిండంట. గుండె ఆగినంత పనైందంటుంది. అన్నా? ఉన్నవా?"

లాల్‌సింగు ఇంటర్‌కమ్ పెట్టేసి, కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నాడు. బాయిలరు ప్రెషరు మామూలుగానే ఉంది. ఆపరేటరు ప్రెషరు చూపే మీటరును మాత్రం ఆ గదిలో ఎవరూ బిగించలేదు.